డైట్ యాప్‌లో ‘షుగర్’ లెక్క: మీ ఫోన్ ఏది పట్టుకుంటుంది, ఏది వదిలేస్తుంది?

నెల్లూరు వైపు ‘ఆయనకు షుగరండీ’ అంటే జబ్బు. ‘టీలో షుగర్ తగ్గించు’ అంటే పంచదార. ‘షుగర్ ఎంతొచ్చింది?’ అంటే రక్త పరీక్షలో వచ్చిన అంకె. ఒకే మాట మూడు పనులు చేస్తుంది, అయినా మనం మాట్లాడుకునేటప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఫోన్‌లో డైట్ యాప్ తెరిచినప్పుడే చిక్కు మొదలవుతుంది. అందులో ‘షుగర్’ అనే గడి పచ్చగా కనిపిస్తే ‘నా షుగర్ కంట్రోల్‌లో ఉంది’ అనుకోవడం చాలా సులువు. కానీ ఆ గడికి మీ రక్తం సంగతి ఏమీ తెలియదు. మీరు తిన్నానని రాసిన వాటిలో చక్కెరలు ఎన్ని గ్రాములో కూడి చూపించడం ఒక్కటే దాని పని. అది కూడా మీరు సరిగ్గా రాస్తేనే.

అలాగని యాప్ పనికిరాదని కాదు. దేన్ని లెక్కపెడుతుందో, దేన్ని పెట్టదో తెలిస్తే బాగా ఉపయోగపడుతుంది.

తీరంలో ఒక రోజు లెక్క

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల చెరువు చూసుకునే ఒక మనిషిని ఊహించుకోండి. పొద్దున చెరువు గట్టు మీద ఒక టీ, పదకొండు గంటలకు ఒకటి, సాయంత్రం మరొకటి. గ్లాసుకు రెండు చెంచాల పంచదార అనుకుంటే పది గ్రాములు, మూడింటికి 30. ఎండకు తట్టుకోలేక మధ్యాహ్నం 250 మిల్లీలీటర్ల కోలా సీసా తాగాడు. సాధారణ కోలా డ్రింకుల్లో వంద మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది కాబట్టి అదొక 26. మొత్తం 56 గ్రాములు. యాప్ ఎర్రగా మారుతుంది, మారాల్సిందే.

ఇప్పుడు భోజనం చూడండి. రెండు పూటలా కలిపి 300 గ్రాముల బియ్యం అన్నం తిన్నాడు. చెరువు పనికి అదేమీ ఎక్కువ కాదు. యాప్‌లో ‘షుగర్’ గడిలో దానికి వచ్చే అంకె దాదాపు సున్నా. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు సుమారు 78 గ్రాములు పిండిపదార్థం ఉంటుంది. అంటే ఆ రెండు పూటల అన్నంలో 230 గ్రాములకు పైగా. అరిగాక అదీ గ్లూకోజ్‌గానే రక్తంలోకి వెళ్తుంది. యాప్ దాన్ని దాచిపెట్టలేదు, ‘కార్బ్స్’ అనే పక్క గడిలో రాసింది. మనం ఆ గడి చూడం, అంతే.

మరుసటి రోజు నుంచి అతను కోలా మానేస్తే అంకె 30కి దిగుతుంది. అది నిజంగా మంచి పనే, కాదనడానికి లేదు. కానీ అప్పటికే మధుమేహం ఉన్న మనిషైతే ‘ఇక ఫరవాలేదు’ అనుకోవడానికి ఆ అంకె చాలదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ పరిశోధకులు 2025లో ‘నేచర్ మెడిసిన్’లో ప్రచురించిన ఆహార అధ్యయనం ప్రకారం మన దేశంలో రోజువారీ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, దక్షిణాదిలో అందులో పెద్ద వాటా తెల్ల బియ్యానిది. కలిపిన చక్కెర కూడా 21 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సిఫారసు చేసిన మోతాదును దాటిందని అదే అధ్యయనం చెప్పింది. అంటే మనకు రెండు లెక్కలూ కావాలి.

ఒక్క మాట. ఈ తీరంలో రొయ్యల రైతుకు గ్రాముల లెక్క కొత్త కాదు. ఏ చెరువుకు ఏ పూట ఎంత మేత వేశాడో పుస్తకంలో రాసుకుంటాడు. చెక్ ట్రే పైకెత్తి, ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత తగ్గిస్తాడో పెంచుతాడో తేల్చుకుంటాడు. డైట్ యాప్ అడిగేదీ అదే పని. చెరువుకు చూపించే ఓపికలో పదో వంతు చాలు.

మీ యాప్ హద్దు 25 గ్రాములా, 50 గ్రాములా?

యాప్ పెట్టగానే అది మీ కోసం ఒక హద్దు నిర్ణయిస్తుంది. ఎంత పెట్టిందో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. చాలా తేడా వచ్చేది ఇక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం విడి చక్కెరలు రోజువారీ కేలరీల్లో పది శాతం మించకూడదు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రెండు వేల కేలరీలు తినే మనిషికి పది శాతం అంటే 50 గ్రాములు, ఐదు శాతం అంటే 25. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఆ రెండో హద్దునే తీసుకుంది. రోజుకు 25 గ్రాములు దాటితే అది ఎక్కువ చక్కెర కిందే లెక్క.

మరి ప్యాకెట్ మీద ఉండే శాతం? ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2020 లేబులింగ్ నిబంధనల్లో కలిపిన చక్కెరకు తీసుకున్న ప్రాతిపదిక 50 గ్రాములు. బిస్కెట్ ప్యాకెట్ వెనుక ‘రోజువారీ అవసరంలో 20 శాతం’ అని ఉంటే పది గ్రాములన్నమాట. ఎన్‌ఐఎన్ హద్దుతో చూస్తే అదే పది గ్రాములు 40 శాతం. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే, అంకెలు మాత్రం వేరు. సామాన్యుడు ఏది నమ్మాలో ఎవరూ ఒక్క వాక్యంలో చెప్పలేదు. అందుకే మా సలహా: లేబుల్ మీద శాతాన్ని వదిలేయండి, గ్రాములు చదవండి. యాప్‌లో హద్దు 50 ఉంటే 25కి మార్చుకోండి.

చదివేటప్పుడు ఇంకొకటి. ఆ గ్రాములు వంద గ్రాముల లెక్కనా, ‘ఒక సర్వింగ్’ లెక్కనా చూడాలి. నాలుగు బిస్కెట్లను ఒక సర్వింగ్‌గా రాసి, ప్యాకెట్‌లో పన్నెండు పెడితే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నప్పుడు నాలుగు దగ్గర ఆగేదెవరు?

పాలు, బెల్లం, తేనె, జ్యూస్: ఏది ఏ ఖాతాలో?

కొన్ని యాప్‌లు ‘మొత్తం చక్కెర’ చూపిస్తాయి, కొన్ని ‘కలిపిన చక్కెర’ విడిగా చూపిస్తాయి. రెండూ ఒకటి కావు. పాలలో సహజంగానే లాక్టోజ్ ఉంటుంది, వంద మిల్లీలీటర్లకు నాలుగున్నర నుంచి ఐదు గ్రాములు. పంచదార వేయకుండా అర లీటరు పాలు తాగినా ‘మొత్తం చక్కెర’ గడిలో 23, 24 గ్రాములు పడతాయి. అది చూసి పాలు మానేయనక్కర్లేదు. 25 గ్రాముల హద్దు పాలకు, మామూలుగా తినే పండుకు వర్తించదు.

బెల్లం సంగతి వేరు. ‘మేం పంచదార మానేశాం, బెల్లం వాడుతున్నాం’ అనే మాట ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. బెల్లంలో దాదాపు 85 శాతం పిండిపదార్థమే, అందులో అత్యధిక భాగం చక్కెర. తాటి బెల్లమైనా, తేనె అయినా 25 గ్రాముల లెక్కలోకే వస్తాయి. పండ్ల రసం కూడా అంతే. ఒక బత్తాయి ఒలుచుకుని తింటే పండు, నాలుగు బత్తాయిలు పిండి గ్లాసులో పోస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టిలో అది విడి చక్కెర. రోడ్డు పక్కన చెరుకు రసం గురించి చెప్పేదేముంది! చాలా యాప్‌లు ఇంట్లో తీసిన జ్యూస్‌ను ‘కలిపిన చక్కెర’ కింద వేయవు, ఎందుకంటే అందులో ఎవరూ ఏదీ కలపలేదు. అక్కడ మీరే చేత్తో సరిచేసుకోవాలి.

యాప్‌కు మన వంట ఎందుకు అర్థం కాదు?

దేశంలో ఆహార పదార్థాల పోషక విలువలకు అధికారిక ఆధారం ఎన్‌ఐఎన్ 2017లో తెచ్చిన ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి నమూనాలు సేకరించి 528 పదార్థాలను పరీక్షించారు. ఎంతో విలువైన పని. అయితే అవి ప్రధానంగా ముడి పదార్థాలు: బియ్యం, పప్పు, చేప, చింతపండు. పళ్ళెంలోకి వచ్చేసరికి అవన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎన్‌ఐఎన్ 2019లో ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే సొంత యాప్ కూడా తెచ్చింది. ప్రైవేటు యాప్‌లలో బెంగళూరు నుంచి వచ్చిన హెల్దీఫైమీ, అమెరికాకు చెందిన మైఫిట్‌నెస్‌పాల్ పేర్లు ఎక్కువమందికి తెలుసు. వాడుకరులే ఆహారాల వివరాలు చేర్చే యాప్‌లలో ఒకే ఇడ్లీకి నాలుగైదు రకాల అంకెలు కనిపించడానికి కారణం అదే. ఎవరో ఎక్కడో వాళ్ల గిన్నె కొలతతో రాశారు. మీ గిన్నె వేరు.

అన్నం దగ్గర జరిగే పొరపాటు అన్నిటికన్నా పెద్దది. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు, వండని బియ్యంలో 78. వండిన అన్నాన్ని తూచి, జాబితాలో ‘రైస్, రా’ అన్నది నొక్కితే లెక్క దాదాపు మూడింతలవుతుంది. తిరగేసి నొక్కితే మూడో వంతుకు పడిపోతుంది.

ఫొటో తీస్తే చాలు, మిగతాది కృత్రిమ మేధ చూసుకుంటుందనే ప్రచారం కూడా ఉంది. ఫొటోకు గిన్నె లోతు కనిపించదు. టీలో ఎన్ని చెంచాలు వేశారో అసలే కనిపించదు. చక్కెర లెక్కకు ఫొటోను నమ్ముకోవద్దు.

ఇక నెల్లూరు చేపల పులుసుకు యాప్ ఏ అంకె చూపించినా కంగారు పడకండి. చింతపండు, మామిడికాయ, చేప ముక్కలు ఉన్న ఆ గిన్నెలో చక్కెర పెద్ద సమస్య కాదు. ఎంత అన్నంతో కలుపుకున్నారన్నదే ప్రశ్న.

అసలు గుడ్డి మచ్చ మిఠాయి దుకాణం. నెల్లూరు మలై కాజాకు ఎంత పేరున్నా, ట్రేలో పెట్టి విడిగా అమ్మే మిఠాయికి పోషక విలువల లేబుల్ ఉండదు. విడి మిఠాయిలు ఎప్పటిలోగా తినాలో తేదీ ప్రదర్శించాలని 2020 అక్టోబరు 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన తెచ్చింది. అందులో ఎంత పంచదార ఉందో చెప్పాలని మాత్రం లేదు. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలి. మైపాడు బీచ్ దగ్గర బండికో, ముత్తుకూరు సెంటర్‌లో టీ కొట్టుకో ఆ బాధ్యత లేదు, పెట్టడం సాధ్యమూ కాదు. కాబట్టి యాప్‌లో కచ్చితంగా నమోదయ్యేది బార్‌కోడ్ ఉన్న ప్యాకెట్ మాత్రమే. మన ఊళ్లలో చక్కెర ఎక్కువగా వచ్చేది బార్‌కోడ్ లేని దారుల్లోంచి.

ఇంటి వంటకు ఒక ఉపాయం ఉంది. యాప్‌లో ‘పరమాన్నం’ అని వెతక్కుండా, మీరు వేసిన బెల్లాన్నే రాయండి. అర కిలో బెల్లంతో పదిమందికి వండితే మనిషికి 50 గ్రాముల బెల్లం, అంటే నలభై గ్రాములకు పైనే చక్కెర. ఒక్క గిన్నెతో ఆ రోజు హద్దు దాటిపోయింది. పండగ రోజు దాటితే దాటనివ్వండి. యాప్ ఎర్రగా మారిందని ప్రసాదం వద్దనుకునేంత లెక్క ఎవరికీ అక్కర్లేదు.

యాప్ లేకుండా పంచదార డబ్బా లెక్క

రోజుకు 25 గ్రాములు అంటే నెలకు 750. మనిషికి ముప్పావు కిలో. నలుగురున్న ఇంటికి మూడు కిలోలు. నెల మొదట్లో తెచ్చిన పంచదార, బెల్లం కలిపి ఎన్ని కిలోలో చూసి, ఇంట్లో మనుషుల సంఖ్యతో, ముప్పైతో భాగించండి. ఐదు కిలోలు అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 42 గ్రాములు ఇంట్లోనే వెళ్తోంది, బయట తాగే టీలు, డ్రింకులు, బిస్కెట్లు కాకుండా. పోల్చుకోవడానికి చెబుతున్నాం: రేషన్ కార్డుకు నెలకు ఇచ్చే అర కిలో పంచదార అదే నలుగురికి రోజుకు నాలుగు గ్రాముల చొప్పున వస్తుంది.

ఈ లెక్కకు డేటా అక్కర్లేదు, నెలకోసారి చాలు. యాప్‌ను బయటి తిండి రాయడానికి వాడండి. అదీ ఏడాది పొడవునా కాదు. రెండు పని రోజులు, ఒక ఆదివారం నిజాయితీగా రాస్తే మీ చక్కెర ఎక్కడి నుంచి వస్తోందో బయటపడుతుంది. చాలామందికి అది టీ అని తేలుతుంది. అప్పుడు చెంచా ఒకటి తగ్గించుకుంటే సరి, మూడు టీలకు పదిహేను గ్రాములు తగ్గుతాయి.

‘ఓఆర్‌ఎస్’ పేరుతో వచ్చిన చక్కెర

లేబుల్ ఎంత ముఖ్యమో చెప్పడానికి మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒక్క విషయం మీద పోరాడారు: మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముతున్న తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఆ డ్రింకుల్లో చక్కెర దానికి అనేక రెట్లు. విరేచనాలవుతున్న పిల్లలకు అంత చక్కెర పడితే నీరు ఇంకా పోతుంది. ఆ ఫార్ములా పాటించని ఉత్పత్తుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఎండాకాలం తీరంలో వడదెబ్బకు, విరేచనాలకు డ్రింక్ కొనబోయే ముందు ఇది గుర్తుంచుకోండి. అసలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది.

పిల్లల విషయంలో యాప్ కన్నా బడి మేలు. విద్యార్థులకు చక్కెర గురించి తెలియజెప్పేలా ‘షుగర్ బోర్డులు’ పెట్టాలని సీబీఎస్‌ఈ 2025 మేలో తన పాఠశాలలను కోరింది. పదేళ్ల పిల్ల చేతికి కేలరీల యాప్ ఇచ్చి రోజూ లెక్క అడగడం మాత్రం వద్దు.

మందులు వాడేవారు ఇక్కడ ఆగి చదవాలి

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి యాప్‌లో తక్కువ అంకె ఎప్పుడూ శుభవార్త కాదు. మందు మోతాదు మారకుండా తిండి ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. మీటర్‌లో 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఆ పూట యాప్ ఏ రంగులో ఉన్నా పట్టించుకోవద్దు. అన్నం తగ్గించాలనుకుంటే ముందు డాక్టర్‌తో మాట్లాడి మందు సరిచేయించుకోండి.

మీరు తిన్నది ఎవరి దగ్గర ఉంది?

ఏం తిన్నారు, ఎంత బరువు, ఏ జబ్బు, ఏ మందు. ఇవన్నీ ఒకేచోట ఉన్న సమాచారం చిన్నదేమీ కాదు. మైఫిట్‌నెస్‌పాల్‌కు చెందిన సుమారు 15 కోట్ల ఖాతాల యూజర్ పేర్లు, ఈమెయిళ్లు, సంకేత రూపంలో ఉన్న పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయని 2018లో బయటపడింది. మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద బాధ్యతలు దశలవారీగా అమలవుతాయి. అంతవరకు మీ చేతిలో ఉన్నవి చేయండి: కాంటాక్టులు, లొకేషన్ అనుమతులు ఇవ్వకండి. వాడటం మానేసినప్పుడు ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, యాప్ లోపలికి వెళ్లి ఖాతానే డిలీట్ చేయండి.

పరీక్షకు ఎక్కడికి వెళ్లాలి?

2023లో ‘లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ’ పత్రికలో వచ్చిన ఇండియాబ్ అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అంచున ఉన్న మనిషికి ఏ బాధా తెలియదు. యాప్‌కూ తెలియదు. తెలిసేది రక్త పరీక్షకే.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ జాతీయ అసంక్రమిక వ్యాధుల కార్యక్రమం కింద షుగర్, బీపీ పరీక్షలు ఉచితం. ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్ (ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్)లో, పట్టణంలో అర్బన్ హెల్త్ సెంటర్‌లో అడగండి. ఏఎన్‌ఎం, ఆశా ఇంటికి వచ్చి వివరాలు రాసుకుంటున్నప్పుడు ‘మాకేం లేదులే’ అని పంపేయకండి. అక్కడ వేలు గుచ్చి చేసేది ప్రాథమిక పరీక్ష. అంకె ఎక్కువ వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అవసరమైతే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపుతారు. పరగడుపున 126 లేదా అంతకు మించి, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి వస్తే మధుమేహంగా పరిగణిస్తారు. ఏ లక్షణాలూ లేకపోతే మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు.

వెళ్లేటప్పుడు యాప్‌లో రాసుకున్న ఆ మూడు రోజుల లెక్క తీసుకెళ్లండి. ‘ఏం తింటున్నారు?’ అని డాక్టర్ అడిగితే మనలో ఎక్కువమంది చెప్పేది ‘మామూలుగానే సార్’. ఫోన్ తీసి చూపిస్తే టీలు ఎన్నో, అన్నం ఎంతో ఆయనకు అర నిమిషంలో తెలిసిపోతుంది. చూపించేటప్పుడు ‘షుగర్’ గడితో పాటు ‘కార్బ్స్’ గడి కూడా తెరిచి పెట్టండి.